వాన పడ్డనాడు చెప్తా

1987 ఆగస్టు 8, శనివారం

మా బడి ఇంగ్లీషు సారు లియాఖత్ అలీ ఈ పొద్దున పోయారు. పచ్చకామెర్లు. వారం పైనే నల్లగొండ దవాఖానలో ఉన్నారు. రేపు ఆదివారం స్టాఫంతా కలిసి చూసి వద్దామనుకున్నాం. ఆడమనిషిని, ఒక్కదాన్ని ముందే పోయి చూసి రావడం బాగుండదని నేనూ ఆదివారం దాకా ఆగాను.

బడికి సెలవిచ్చారు.

ఆగస్టు 9, ఆదివారం

రాయడానికేమీ లేదు. బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతుకుతున్నానని నాయిన అన్నాడు.

ఆగస్టు 10, సోమవారం

పానగల్ నుంచి రిక్షాలో నల్లగొండ బస్టాండుకు చేరేసరికే బడికి పోయే కేతేపల్లి బస్సు నిండిపోయింది. నిలబడే పోయాను. నకిరేకల్‌లో కొందరు దిగారు, కూచోవచ్చు, కూచోలేదు. లెక్కల టీచరును, కాసేపు నిలబడితే అరిగిపోను.

ఒకటి మాత్రం రాసి పెట్టుకోవాలి, రేపు నాకే అనుమానం రాకుండా. సారూ నేనూ ఒక బస్సులో పోయి ఒక బస్సులో వచ్చేవాళ్ళం, అంతే. ఆయన ఇల్లు బస్టాండు వెనక గల్లీలోనే. ముందే వచ్చి, బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపేవారు. ముందు వరసలో నాకొకటి, సరిగ్గా దాని వెనక తనకొకటి. నేను కొద్దిగా పక్కకు తిరిగేదాన్ని, ఆయన కొద్దిగా ముందుకు వంగేవారు, నడుమ సీటు కడ్డీ. ఏం మాట్లాడుకున్నాం? బస్సు లేటు. చాక్‌పీసుల డబ్బా ఇంకా రాలేదు. ఈ ఏడూ వానల్లేవు. ఏళ్ళ తరబడి ఇవే మాటలు. దీంట్లో దాచుకునేది ఏముంది?

ఏమీ లేదు.

ఆగస్టు 12, బుధవారం

హెడ్మాస్టరు రఘుపతి సారు పిలిచారు.

“అరుణమ్మా, కొత్త సారు వచ్చేదాక పదో తరగతి ఇంగ్లీషు జర నువ్వు చూసుకో.”

“నాకు లెక్కలకే టైము సాల్తలేదు సార్.”

“నీ లెక్కలల్ల ఉండేది ఇంగ్లీషు అక్షరాలే గదమ్మా!”

ఇదీ మా హెడ్మాస్టరు తెలివి. ఎక్స్, వై రాసేవాళ్ళంతా పద్యాలు చెప్పగలరని ఆయన లెక్క. నవ్వు వచ్చింది, తర్వాత ఆ నవ్వు చెప్పుకోవడానికి వెనక సీటులో మనిషి లేడని గుర్తొచ్చింది. ఒప్పుకున్నాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆగస్టు 13, గురువారం

పదో తరగతికి పోయి, సారు ఎక్కడిదాకా చెప్పారని అడిగాను. గదంతా ఒక్కసారే మాట్లాడింది. అందరికంటే పెద్ద గొంతు గాలయ్యది.

“కంచె పద్యం టీచర్! మూడు చరణాలు అయిపోయినయి. ఆఖరిదొక్కటే మిగిలింది.”

సరే, నాలుగు లైన్లే కదా, ఈ పీరియడ్‌లో ముగిద్దామని పుస్తకం తెరిచాను. “వద్దు టీచర్” అని అరిచారు. వద్దంటే వద్దని కొందరు పుస్తకాల మీద చేతులు కూడా పెట్టేశారు.

“ఏమైందిర మీకు?”

గాలయ్య లేచాడు. “సారు ఆ చరణం వాన పడ్డనాడు చెప్తా అన్నడు టీచర్. ముందుగాల ఎవరన్న చదివితే తంత అన్నడు. మేం ఎవరం చదవలే.”

“నేను చదివిన్నని జెప్పలే” అని ఎవరో వెనక నుంచి గొణిగారు, పక్కవాడు వాణ్ని గిల్లాడు.

వాన పడ్డనాడు చెప్తా అన్నారట. పుస్తకం మూసేశాను. మంచినీళ్ళు తాగి వస్తానని బయటకు వచ్చి కుండ దగ్గర నిలబడ్డాను. నీళ్ళు తాగలేదు.

ఆగస్టు 14, శుక్రవారం

ఆ మాట గురించి రాయను.

ఆగస్టు 18, మంగళవారం

ఇవాళ మొదటి మూడు చరణాలు పునశ్చరణ చేయించాను. పునశ్చరణ మంచిదే, నేనూ కొత్తగా నేర్చుకోవాలి.

ఇది ఎవరో ఇంగ్లీషు కవి రాసిన చిన్న పద్యం. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు, నడుమ పచ్చని మొక్కల కంచె. “అట్లాంటి కంచె మనకాడ ఏడుంటది, సర్కారు తుమ్మ కంప అనుకోండ్రి” అని సారు చెప్పారట. మొదటి చరణంలో ఒకరు “మబ్బు పట్టింది” అంటారు, రెండోవారు “పట్టింది” అంటారు, ఎవరి పనికి వాళ్ళు పోతారు. రెండో చరణంలో గాలి తిరిగిందని ఒకరంటే తిరిగిందని మరొకరు. మూడో చరణంలో ఒకరు తన తోటలోని పండ్లు తెచ్చి కంచె మీద పెడతారు. పండ్ల మాట ఎత్తరు. “ఇయ్యాల కూడా పడేటట్టు లేదు” అంటారు. “రేపు చూద్దాం” అని అవతలి జవాబు. అంతే. దీన్ని నేను మామూలుగా చదివితే పొరుగువాళ్ళు వానల గురించి మాట్లాడుకున్నారని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని.

పిల్లలు అట్లా తేల్చలేదు. ఏ పద్యానికైనా సారు మూడు ప్రశ్నలు వేస్తారట. ఐలేశం వాటిని సారు లాగానే చెప్పి చూపించాడు. వాడు అందరినీ అనుకరిస్తాడు, నన్ను కూడా చేస్తాడని తెలుసు. గొంతు సవరించుకుని, చాక్‌పీసు ముక్క చెవి వెనక పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి అన్నాడు:

“మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితోని? చెప్పాలనుకుని చెప్పంది ఏంది?”

పిల్లలు నవ్వారు. సార్ చనిపోయాక అట్లా చేయొచ్చా అని ఐలేశానికే భయమేసి చాక్‌పీసు తీసేశాడు.

“మల్ల చెప్పు” అన్నాను.

చెప్పాడు.

“మల్ల.”

మూడోసారి ఎవరూ నవ్వలేదు.

ఆగస్టు 20, గురువారం

రాయొద్దనుకున్నాను. రాయకపోతే అన్నం లోపలికి పోవడం లేదు.

జులైలో ఒకరోజు బస్సులో ఎండ నా మొహం మీద పడుతుంటే సారు వెనక నుంచి కిటికీకి రుమాలు అడ్డం పెట్టి అన్నారు.

“టీచర్, వాన పడ్డనాడు మీకొక ముచ్చట చెప్తా.”

“ఇప్పుడే చెప్పుండ్రి సార్.”

“ఎండల చెప్పే ముచ్చట కాదది.”

“ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నరా ఏంది?” అని నవ్వాను. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు. నకిరేకల్ దాటాక బస్సు ఇవాళ టైముకే పోతుందని అన్నారు, అవునన్నాను.

ట్రాన్స్‌ఫరే అయి ఉంటుంది. తల్లి ముసలామె, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి చేసి తన పెళ్ళి మరిచిన మనిషి. పాలమూరు దిక్కు ఏదో సంబంధం చూస్తున్నారని స్టాఫ్ రూములో అనుకోగా విన్నాను. ఆ దిక్కుకు ట్రాన్స్‌ఫర్ అడిగి ఉంటారు. మంచి పద్ధతిగల మనిషి, తోటి టీచరుకు ముందే చెబుదామనుకున్నారు.

అంతకన్నా ఏముంటుంది?

ఆగస్టు 21, శుక్రవారం

మూడు చరణాలు పునశ్చరణ.

ఆగస్టు 24, సోమవారం

గాలయ్య గైడు తెచ్చాడు. బస్టాండులో దొరికే పచ్చట్ట గైడు. పద్యం సారాంశం గట్టిగా చదివాడు: “ఈ పద్యమునందు కవి వాతావరణమును మనోహరముగా వర్ణించెను. ఇరుగుపొరుగువారు సఖ్యముగా మెలగవలెనని ఇందలి నీతి.” తరువాతి వాక్యం మొదలుపెట్టగానే, అది ఆఖరి చరణం గురించని పసిగట్టి తరగతంతా “బంద్ చెయ్యర!” అని వాడి మీద పడింది. లింగమ్మ ముందు బెంచీ మీంచి లేచి వాడి చేతిలోంచి గైడు లాగేసింది. పొట్టి పిల్ల, మాట తక్కువ, ఇంత బలం ఎక్కడిదో.

గైడు నేను తీసుకుని స్టాఫ్ రూము బీరువాలో పెట్టాను. ఆఖరి చరణం ఉన్న పేజీని నేను కూడా ఇంతవరకు చదవలేదు. చదివితే ఏమవుతుంది? ఏమీ కాదు. పిల్లలకు మాటిచ్చిన సారు లేడు, ఆ మాట మనం నిలబెట్టాలి కదా. అంతకోసమే.

ఆగస్టు 27, గురువారం

నాయిన ఇవాళ నా ముందు కూచున్నాడు. నాయినకు ఎదురుగా కూచునే అలవాటు లేదు, ఏదైనా ఉంటే గోడకు చెప్పినట్టు పక్కకు చూసి చెప్తాడు. మగ్గం మానేశాక చేతులు ఖాళీ అయి, మాటలు ఇంకా తగ్గినాయి.

“అరుణా, అన్నం తింటలేవు.”

“కడుపుల బాగుంటలేదు నాయినా.”

“దవాఖానకు పోదమా?”

“వద్దు!”

ఆ మాట అంత గట్టిగా ఎందుకన్నానో. నాయిన పెరుగు గిన్నె నా దగ్గరికి జరిపి లేచిపోయాడు.

సెప్టెంబరు 1, మంగళవారం

రఘుపతి సారు సిలబస్ అడిగారు.

“కంచె పద్యం ఇంక నడుస్తనే ఉన్నదా? మూడు వారాలాయె గదమ్మా.”

“ఒక్క చరణం ఉంది సార్.”

“నాలుగు లైన్లకు గింత ఫికర్ ఎందుకు? కొత్త సారు వచ్చి చూస్తే నవ్వుతడు. క్వార్టర్లీ ముందల ఖతం చేయాలె.”

“వాన పడాలె సార్” అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. వాన పడాలని ఈ జిల్లాలో ఎవరికి లేదు? “పడాలె, పడాలె” అని కిటికీ బయటకు చూశారు. బయట ఎండ తప్ప ఏమీ లేదు.

సెప్టెంబరు 4, శుక్రవారం

ఇవాళ పీర్ల పండుగ. సెలవు. మా వీధిలోకి పీర్లు వచ్చాయి. నాయిన ఎప్పటిలాగే బిందెతో నీళ్ళు పోశాడు, ఊదు వేశాడు. డప్పుల వెనక ఆడవాళ్ళు రొమ్ము కొట్టుకుంటూ పాడుతున్నారు, కొందరు నిజంగానే ఏడుస్తున్నారు. ఎప్పుడో, ఎక్కడో ఎడారి దేశంలో చనిపోయిన బిడ్డల కోసం మా పానగల్ ఆడవాళ్ళు. మా వీధి మన్నె పోచయ్య భార్యకైతే కళ్ళు వాచిపోయాయి. ఆ బిడ్డలు నీకేమవుతారని ఆమెను ఎవరూ అడగలేదు.

నన్ను అడుగుతారు. అరుణమ్మ ఎందుకేడుస్తుంది, ఆయన ఆమెకేమవుతాడు అని అడుగుతారు. ఏమవుతాడు? నాకు తెలియదు, నాకు ఎవరూ చెప్పలేదు, వాన పడ్డనాడు చెప్తానన్నాడు.

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా ఒక్క చుక్క కూడా రాలేదు. నాకేమైనా అయిందా అని భయంగా ఉంది.

సెప్టెంబరు 10, గురువారం

తెల్లవారుజామున పానగల్‌లో వాన పడింది! వాకిట్లోకి పరుగెత్తి కొంగు తడుపుకున్నాను. బస్సులో నిలబడి పోతున్నంతసేపూ నా చేతిలో ఇంగ్లీషు పుస్తకమే ఉంది. తరగతిలోకి అడుగుపెడుతూనే “వాన పడ్డదిరా, పుస్తకాలు తీయండ్రి” అన్నాను.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మా దగ్గర చినుకు పడలే టీచర్” అన్నాడు ఐలేశం. “ఆడ పడితే మాకేం పాయిద?”

నిజమే. కిటికీలోంచి చూస్తే నేల పొడిగా ఉంది. నకిరేకల్ దాటాక ఒక్క చినుకు రాలలేదట. పుస్తకం మూశాను. నాకు ప్రాణం లేచి వచ్చింది, అది రాయక తప్పదు. ఆ చరణం అయిపోతే ఇక ఆయన చెప్పాల్సింది ఏమీ మిగలదు.

సెప్టెంబరు 17, గురువారం

ఇవాళ ఆయన నలభై దినాల ఫాతెహా. స్టాఫంతా వాళ్ళింటికి పోయాం. మగవాళ్ళు ముందు వసారాలో, నేను లోపల ఆడవాళ్ళ దగ్గర. బగారా అన్నం, దాల్చా పెట్టారు. చావు ఇంట్లో విస్తరి వదిలేస్తే బాగుండదని తిన్నాను.

ఆయన తల్లి అమీరున్నీసా గోడకానుకుని కూచుంది. ఆయన కళ్ళు ఆమెవే. నేను పక్కన కూచోగానే చేయి పట్టుకుని మొహంలోకి చూసింది.

“లెక్కలమ్మవు నువ్వేనా బిడ్డా?”

“అవునమ్మా.”

“నా చేతులు జూడు. రుమాళ్ళు పిండి పిండి గిట్లయినయి. రోజు రెండు రుమాళ్ళు కావాలె నా కొడుక్కు. ఒక్క మనిషికి రెండెందుకుర అంటే, ఒకటి లెక్కలమ్మకు అమ్మీ అంటుండె.”

చుట్టూ ఆడవాళ్ళున్నారు. నేనేమన్నానో తెలుసా? “ఆ బస్సుల సీటు దొరకదమ్మా” అన్నాను. బస్సు గురించి చెప్పాను! కొడుకు పోయిన తల్లి నా చేయి పట్టుకుని కూచుంటే, కేతేపల్లి బస్సులో రష్ ఎట్లా ఉంటుందో చెప్పాను.

తర్వాత ఉండబట్టలేక అడిగాను. “సారు పాలమూరు దిక్కు ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నరా అమ్మా?”

“ట్రాన్స్‌ఫరా? యా అల్లా! పాలమూరు సంబంధమే వద్దన్నడు బేటీ. ఈ బడి ఇడిచి, ఈ బస్సు ఇడిచి ఏడికి పోనన్నడు. గంత మొండితనం ఏందిర అని తిట్టిన. తిట్టకు అమ్మీ, వాన పడనీ, నీకో ముచ్చట చెప్తా అన్నడు.” ఆమె నా చేయి వదల్లేదు. “ఏం చెప్తుండెనో నా బిడ్డ. నీకేమన్న ఎరికనా?”

“తెల్వదమ్మా” అన్నాను.

గూట్లో ఇస్త్రీ చేసిన రుమాళ్ళ దొంతర ఉంది. ఒకటి ఇవ్వమని అడగాలనిపించింది. ఏమని అడగను? అడగలేదు. లేచి, అందరితోపాటు చెప్పులేసుకుని వచ్చేశాను.

తెల్వదమ్మా అన్నాను. తెల్వదా నీకు అరుణా? సిగ్గులేదా? ఆయన ట్రాన్స్‌ఫర్ అడిగాడని నువ్వే ఒక కథ అల్లుకుని, ఆ కథను నలభై దినాలు మోసి, తల్లి నోటితో నిజం విన్నాక కూడా తెల్వదమ్మా అన్నావు.

సెప్టెంబరు 18, శుక్రవారం

తెలుసు. నాకు మొదటినుంచీ తెలుసు. అందుకే ట్రాన్స్‌ఫర్ అని నవ్వాను. వేరే మాట వస్తే ఏం చేయాలో తెలియక.

సెప్టెంబరు 19, శనివారం

ఇది మొత్తం రాస్తాను.

సోమవారం నుంచి క్వార్టర్లీ పరీక్షలు. ఇవాళ ఆఖరి పీరియడ్. వాన పడకపోయినా చెప్పక తప్పదని పిల్లలతో అన్నాను. అప్పటికే గదిలో చీకటి పడుతున్నట్టయింది, ఎవరో కిటికీ రెక్క వేయబోయారు. గాలయ్య “వేయకురా!” అన్నాడు. ముందు మట్టి వాసన వచ్చింది. తర్వాత రేకుల మీద ఒకటి, రెండు, ఆపైన ఇక మాట వినపడకుండా. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. పక్క తరగతులవాళ్ళతోపాటు ఆవరణలోకి ఉరికారు. రఘుపతి సారు గొడుగు మరిచి వరండా అంచున తడుస్తూ నిలబడి ఉన్నారు, పిల్లలను తిట్టడం కూడా మరిచారు.

నేను మాత్రం కుర్చీలోనే కూచున్నాను.

చిత్రమేమిటంటే, మా పిల్లలే లోపలికి వచ్చేశారు, నెత్తిన నీళ్ళు కారుతూ. ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తీశారు. “చెప్పుండ్రి టీచర్” అన్నాడు ఐలేశం.

చదివాను. నేనూ మొదటిసారే చదివాను. ఆ చరణంలో ఒకరే ఉన్నారు. కంచె అవతల గేటు వేసి ఉంది, దారి మీద గడ్డి పెరిగింది. ఉన్న ఒక్కరు కంచె దగ్గరికి వచ్చి “ఇవాళ వాన పడింది” అంటారు. జవాబు కోసం కాసేపు నిలబడతారు. ఇంట్లోకి పోతారు. పద్యం అయిపోయింది.

నేను తెలుగులో చెప్పడం ఆపేసరికి వాన చప్పుడే మిగిలింది. మొదట గాలయ్యే నోరు తెరిచాడు.

“మంచిగనే అయింది గద టీచర్. వాన పడ్డది.”

“ఏం మంచిగైందిరా, ఆయన పోయిండు గద” అన్నాడు ఐలేశం.

“పోతే పోయిండు, వాన పడ్డది గద!”

గొడవ తేల్చడానికి బీరువాలోంచి గైడు తెప్పించాను. గాలయ్యే చదివాడు: “చివరి చరణమున వర్షము దుఃఖమునకు చిహ్నము.” గది గొల్లున నవ్వింది. వాన దుఃఖమంట! గైడు రాసినోడు ఎన్నడన్న ఎవుసం చేసిండా, బాయి ఎండుడు చూసిండా, వాన్ని పట్కొచ్చి ఇయ్యాల మా చేన్ల నిలబెట్టాలె అని తలా ఒక మాట. నాకూ నవ్వు వచ్చింది. మా దగ్గర వాన దుఃఖమని ఎవడంటాడు?

లింగమ్మ నవ్వలేదు. నిలబడింది. వాళ్ళ బావి ఎండిపోయి రెండు ఎండకాలాలైందని నాకు తెలుసు.

“దుఃఖం వాన కాదు టీచర్. మా నాయిన వాన పడ్డనాడు ఊరంత తిరిగి చెప్తడు, అందరికి ఎరికే అయినా చెప్తడు. మంచి ముచ్చట చెప్పుకుంటెనే మంచిగుంటది. ఈ మనిషికి ఇయ్యాల ఇంత మంచి ముచ్చట దొరికింది. చెప్పుకునేటి మనిషే లేడు.”

ఐలేశం చెవి వెనక చాక్‌పీసు లేదు, తల కూడా వంచలేదు. తన గొంతుతోనే మెల్లగా అడిగాడు.

“మరి చెప్పాలనుకుని చెప్పంది ఏంది?”

“నువ్వు లేకుంటే నాకు తోస్తలేదని” అన్నాడు గాలయ్య. అంత బడాయి పిల్లవాడు, తలదించుకుని అన్నాడు.

“అది ముందుగాల్నే అనాల్సుండె” అంది లింగమ్మ. “పండ్లు పెట్టిన నాడే అనాల్సుండె. ఇద్దరిల ఎవరన్న ఒకరు.”

నేను బోర్డు వైపు తిరిగి చాలాసేపు తుడిచాను. బోర్డు మీద ఏమీ రాసి లేదు. పిల్లలకు తెలిసిందో లేదో నాకు తెలియదు. బెల్లు కొట్టారు.

ఆయన చరణం చదవకుండా పాఠం మొదలుపెట్టే మనిషి కాదు. అందులో ఏముందో తెలుసు. మంచి వార్త రోజున పిల్లలకు అది చెప్తే వాళ్ళకు అర్థమవుతుందని తెలుసు. నాకు కూడా ఆ రోజే చెప్పాలనుకున్నాడు. లియాఖత్, జులైలో ఎండ ఉన్నా చెప్పాల్సింది. నేను నవ్వకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 21, సోమవారం

పొద్దున నాయిన లేవకముందే తయారయ్యాను. “పరీక్షలా?” అన్నాడు. అవునన్నాను. బస్టాండుకు ఎన్నడూ పోనంత ముందు పోయాను. కేతేపల్లి బస్సు లోపలికి వస్తుండగానే జనంతోపాటు ఉరికి, మొదటిసారి నేను కిటికీలోంచి రుమాళ్ళు వేశాను. నావే, రెండు. ఒకటి ముందు సీటులో. ఒకటి వెనక సీటులో.

ఎక్కి నా సీటులో కూచున్నాను. వెనక సీటు మీద రుమాలు. బస్సు నిండుతుంటే ఒకాయన “ఎవరన్న వస్తున్నరా అమ్మా?” అన్నాడు. “వస్తున్నరు” అన్నాను. ఇంకొకాయన అడిగాడు. “వస్తున్నరు.” బస్సు కదిలింది. ఎవరూ రాలేదు కదా అని జనం నన్ను చూశారు. చూడనీ.

ఊరు దాటాక ఒక అవ్వ ఎక్కింది. చేతిలో గంప, చీర అంచులకు తడి బురద. రెండో చేత్తో కడ్డీ పట్టుకున్నా నిలబడలేకపోతోంది. ఆమె అడగలేదు. నేనే లేచి వెనక సీటు మీది రుమాలు తీశాను.

“కూసో అవ్వా.”

కూచుంది. గంప కాళ్ళ నడుమ పెట్టుకుంది. తర్వాత సరిగ్గా ఆయన వంగినట్టే ముందుకు వంగి, కడ్డీ మీద చేయి పెట్టి అడిగింది.

“మీ దిక్కు వాన పడ్డదా బిడ్డా?”

“పడ్డదవ్వా” అన్నాను. “మస్తు పడ్డది.”

ఆ మాట ఎవరికి చెప్పాలని రెండు రోజులుగా మోస్తున్నానో, ఆ మనిషికి కాక ఈమెకు చెప్పేశాను. అంతే, నలభై దినాలుగా రానిది వచ్చింది. ఆపలేదు. జనం చూస్తున్నా ఆపలేదు. చేతిలో ఆయన కోసం వేసిన రుమాలే ఉంది, దాంతోనే మొహం కప్పుకున్నాను.

“అయ్యో, వాన పడ్డదానికి ఏడుస్తరా బిడ్డా? ఏమైంది?” అవ్వ నా భుజం మీద చేయి వేసింది. “ఎవరన్న పోయిండ్రా?”

“పోయిండవ్వా.”

“ఎవరు బిడ్డా? నీకేమైతడు?”

“నా మనిషి” అన్నాను.

అవ్వ ఇంకేమీ అడగలేదు. నకిరేకల్ దాకా చేయి తీయలేదు.